బి.ఎడ్. శిక్షణకు మార్కులు వేసేదెవరు?

మంచి ప్రశ్నపత్రానికి ఉండవలసిన లక్షణాలను బి.ఎడ్. తరగతిలో మేము ప్రతి సంవత్సరమూ బోధిస్తాము. సప్రమాణత ఉండాలి, విశ్వసనీయత ఉండాలి, లక్ష్యాత్మకత ఉండాలి, ఆచరణసాధ్యంగా ఉండాలి. ఏది కొలవదలచినామో దానినే కొలవడం సప్రమాణత. తరాజుతో జ్వరం చూడరాదు. ఎవరు కొలిచినా, ఎన్నిసార్లు కొలిచినా దాదాపు ఒకే ఫలితం రావడం విశ్వసనీయత. ఛాత్రోపాధ్యాయులు ఈ నిర్వచనాలను కంఠస్థం చేసి మార్కులు సంపాదించుకొంటారు. ఇన్ని వేలమంది చేత వీటిని వల్లె వేయించిన బి.ఎడ్. పట్టా తానే ఈ పరీక్షకు నిలువగలదా అని అడిగినవారు మాత్రం తక్కువ. కళాశాల వార్షిక సంచికలో ఆ ప్రశ్న వేయడం కొందరికి ఇంటిగుట్టు రట్టు చేయడంగా తోచవచ్చు. అయినా ఇంట్లోవారే అడగకపోతే మరెవరు అడుగుతారు?

ఉపాధ్యాయ విద్యను పరిశీలించిన సంఘాలకు మన దేశంలో కొదవ లేదు. 1964-66 నాటి కొఠారీ సంఘం శిక్షణ కళాశాలల ఒంటరితనాన్ని ఎత్తిచూపింది. అవి విశ్వవిద్యాలయపు విద్యాజీవితానికి దూరంగాను, పాఠశాలల నిత్యజీవితానికి దూరంగాను, చివరకు ఒకదానికొకటి దూరంగాను ఉన్నాయని చెప్పింది. 1983లో ఏర్పడిన జాతీయ ఉపాధ్యాయ సంఘం ఇంటర్మీడియెట్ తరువాత నాలుగేళ్ళ సమగ్ర శిక్షణను సూచించింది. 1993 నాటి చట్టంతో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలికి శాసనాధికారం లభించింది. సుప్రీంకోర్టు ఏర్పరచిన జస్టిస్ జె.ఎస్. వర్మ సంఘం 2012లో తన నివేదికను సమర్పించింది. దాని వెలుగులో వచ్చిన 2014 నిబంధనలతో, అంతవరకు ఏడాదిగా ఉన్న బి.ఎడ్. 2015-16 నుండి రెండేళ్ళయింది. 2020 జాతీయ విద్యావిధానం మళ్ళీ నాలుగేళ్ళ సమగ్ర పట్టాను ముందుకు తెచ్చి, 2030 నాటికి అదే కనీసార్హత కావాలన్నది. 2025లో వెలువడిన ముసాయిదా నిబంధనలు స్నాతకోత్తరులకు, నాలుగేళ్ళ పట్టభద్రులకు ఏడాది బి.ఎడ్.ను తిరిగి ప్రతిపాదించాయి. ఒకటి, రెండు, నాలుగు, మళ్ళీ ఒకటి! ఎక్కాల పుస్తకం తిరగేసినట్లున్నది.

శిక్షణకాలం ఎంత ఉండాలన్న చర్చ అవసరమే. ముఖ్యంగా మన కళాశాల వంటి చోట అది డబ్బుకు సంబంధించిన విషయం కూడాను. రెండో ఏడాది రుసుము, బస్సు ఖర్చు, ఇంట్లో పెద్దల అనుమతి, ఈ మూడూ సమకూరక మొదటి ఏడాదితో ఆగిపోయే ఆడపిల్లలను మేము ఎరుగుదుము. అయితే నెలలు లెక్కించినంత మాత్రాన పట్టా విలువ తేలదు. ఆ పట్టా చేతికి ఇచ్చే ముందు, ఆ వ్యక్తి రేపు బోధించబోయే భాషలో, రేపు ఎదుర్కొనబోయే పిల్లల ముందు బోధించడాన్ని ఎవరైనా శ్రద్ధగా చూచినారా? మా దృష్టిలో బి.ఎడ్. మూల్యాంకనమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరగాలి.

ఎందుకో కొంచెం వివరిస్తాము. నేడు ఒక యువకుడు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడు కావాలంటే దాటవలసిన గడపలు నాలుగు. మొదటిది ఎడ్‌సెట్, అందులో నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించాలి. రెండవది బి.ఎడ్. మూడవది టెట్, విద్యాహక్కు చట్టం వచ్చిన తరువాత, 2010 ఆగస్టు నాటి ప్రకటనతో ఇది తప్పనిసరి అయింది, దీనిలోనూ నూట యాభై ప్రశ్నలకు జవాబులు గుర్తించడమే పని. నాలుగవది డి.ఎస్.సి. తెలంగాణలో 2024లో 11,062 ఉద్యోగాలకు జరిగిన డి.ఎస్.సి.లో వ్రాతపరీక్షకు 80 మార్కులు, టెట్‌కు 20 మార్కుల భారం ఇచ్చినారు. బోధించి చూపమన్నవారు లేరు. అంటే ఈ నాలుగు గడపల్లో మనిషి నోరు తెరచి పిల్లలకు పాఠం చెప్పడాన్ని మరొకరు కూర్చొని చూచే చోటు బి.ఎడ్. ఒక్కటే. అక్కడ చూడకపోతే ఇక ఎక్కడా చూడరు. రేపు అతడు ముప్ఫై యేళ్ళ పాటు నిలబడే తరగతి గదిలోకి అతనిని ఎవరూ చూడకుండానే పంపించినట్లవుతుంది.

అటువంటప్పుడు ఆ చూపు ఎలా ఉండాలి? ఎలా ఉన్నదో పాఠకులకు తెలియనిది కాదు. పరీక్షాపాఠం నాటి తరగతిని తలచుకొనండి. గోడ నిండా రంగుల చార్టులు. ఉన్ముఖీకరణం పేరిట మూడు ప్రశ్నలు. మూడవ ప్రశ్నకు జవాబుగా ఆనాటి పాఠం పేరు పిల్లల నోటనే రావాలి, అది నల్లబల్లపై శీర్షికగా ఎక్కాలి. ఆపైన విషయ వివరణ, పునశ్చరణ, ఇంటిపని. హెర్బార్టు సోపానాలు ఒక్కటీ తప్పవు. వెనుక బల్లపై బాహ్యపరీక్షకుడు. ఆయన ఆ పూట చూడవలసిన పాఠాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఒక్కొక్కరికి పది నిమిషాలు కేటాయిస్తే అది ఉదారమే. బల్ల మీద ఆయన ముందు రికార్డుల దొంతర. కళాశాలల చుట్టుపట్ల చార్టులు గీసిపెట్టే దుకాణాలు, రికార్డులు వ్రాసిపెట్టే చేతులు ఉన్నాయన్నది బహిరంగ రహస్యం. ఒక పాఠశాలలో ఇటువంటి పాఠం నడుస్తుండగా ముందు బల్ల మీది కుర్రవాడు లేచి, "సార్, నిన్న చెప్పిన జవాబే చెప్పాలా?" అని అడిగినాడు. ఆ తరగతిలో ఆ రోజు అడిగిన అసలైన ప్రశ్న అదొక్కటే.

ఇక్కడ సప్రమాణత ఏమైనట్లు? మనం కొలవదలచినది బోధన. కొలిచినది తర్ఫీదు పొందిన జవాబులు, కొన్న చార్టు, ఇస్త్రీ చేసిన చొక్కా. విశ్వసనీయత మాట ఎత్తకపోవడమే మేలు. ఒక పరీక్షకుడు గొంతు పెద్దదిగా ఉంటే మెచ్చుతాడు, మరొకరు నల్లబల్లపై అక్షరం గుండ్రంగా ఉంటే మెచ్చుతారు. వీటన్నిటికంటె ముఖ్యమైన లోపం ఒకటి ఉన్నది. బోధన అన్నది ఒక్క పాఠం కాదు. సోమవారం చెప్పినది మంగళవారానికి ఎంత మిగిలింది, మిగలని పిల్లవానికి బుధవారం ఏమి చేయాలి అన్నదే ఉపాధ్యాయుని అసలు పని. ఒక్క పాఠం చూచి ఆ పనిని కొలవడం ఒక్క మెతుకు పట్టి చూచినట్లు కూడా కాదు. మెతుకు పడితే అన్నం ఉడికిందీ లేనిదీ తెలుస్తుంది. ఇక్కడ పొయ్యి వెలిగించక ముందే మెతుకు పట్టి చూస్తున్నాము.

న్యాయంగా మాట్లాడవలసి వస్తే, 2014 నిబంధనలు ఈ లోపాన్ని గుర్తించినాయి. రెండేళ్ళలో ఇరవై వారాలు, అంటే మొదటి ఏట నాలుగు, రెండవ ఏట పదహారు వారాలు పాఠశాలలోనే గడపాలన్నాయి. తరగతి హాజరు 80 శాతం, పాఠశాల హాజరు 90 శాతం ఉండాలన్నాయి. నాటకం, కళలు, చదివినదానిని గురించి ఆలోచించడం, ఉపాధ్యాయుడు తన్ను తాను తెలిసికొనడం మొదలైనవాటికి చోటు కల్పించినాయి. అన్ని పాఠ్యవిషయాలలోను భాష పోషించే పాత్రను గురించి ఒక ప్రత్యేక పత్రాన్నే ప్రవేశపెట్టినాయి. కాగితం మీద చూస్తే మన బి.ఎడ్. గత అర్ధశతాబ్దంలో ఇంత మెరుగుగా ఎన్నడూ లేదని చెప్పడానికి మాకు సంకోచం లేదు.

కాని ఆ పదహారు వారాలు ఎలా గడుస్తున్నవో చూడాలి. ఉపాధ్యాయుల కొరత ఉన్న బడికి ఛాత్రోపాధ్యాయుడు వెళ్ళినాడనుకొందాము. ప్రధానోపాధ్యాయులు సంతోషించి మూడు తరగతులు అప్పగిస్తారు. అతనికి పని నిండుగా ఉంటుంది; చూచేవారు ఎవరూ ఉండరు. తప్పు చేస్తే తప్పని చెప్పేవారు లేక ఆ తప్పే పద్ధతిగా స్థిరపడుతుంది. మరొకడు పదవ తరగతి ఫలితాల మీద దృష్టి పెట్టిన బడికి వెళ్తాడు. అక్కడ అతనిని ఎవరూ తరగతిలోకి రానివ్వరు. హాజరు పట్టీలు పూరించడం, ప్రార్థన వేళ వరుసలు నిలబెట్టడం అతని వంతు. రెండు చోట్లా పదహారు వారాల చివర ఒకే రకమైన ధ్రువపత్రం వస్తుంది. మా వంటి అధ్యాపకులు నెలకొకసారి వెళ్ళి రికార్డు మీద సంతకం చేసి వస్తారు. దీనికి అధ్యాపకులను మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. నగరంలో నాలుగు మూలలా ఉన్న బడులను ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు చుట్టి రావలసి వచ్చినప్పుడు సంతకమే మిగులుతుంది. హాజరు నిబంధన గూర్చి వ్రాయకుండా ఉండలేము. 80 శాతం, 90 శాతం అన్న అంకెలను నిబంధనలో అంత గట్టిగా వ్రాయవలసి వచ్చిందంటేనే, కళాశాల ముఖం చూడకుండా పట్టా పుచ్చుకొనే ఆచారం ఎంత వేళ్ళూనిందో తెలుస్తున్నది. 2020 విద్యావిధాన పత్రం కూడా వర్మ సంఘాన్ని ఉటంకిస్తూ, విడిగా నడిచే వేలాది శిక్షణసంస్థలు ధరకు పట్టాలు అమ్ముతున్నవని మొగమాటం లేకుండా చెప్పింది.

ఇప్పుడు మాకు అన్నిటికంటె దగ్గరి విషయానికి వస్తాము. అది భాష.

1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు ఉన్నత విద్యకంతటికీ ఉర్దూను మాధ్యమంగా స్వీకరించినారు. దానికి ఒక సంవత్సరం ముందే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ వెలసి, గణితం, విజ్ఞానశాస్త్రాలు, వైద్యం, న్యాయం మొదలైనవాటికి ఉర్దూ పారిభాషిక పదాలను కూర్చింది. 1948 తరువాత మాధ్యమం మారింది. తెలుగు విషయానికి వస్తే 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ బి.ఎడ్. పాఠ్యగ్రంథాలను తెలుగులో ప్రచురించి తరతరాల ఛాత్రోపాధ్యాయులకు చేయూత ఇచ్చింది. 1998లో మన నగరంలోనే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడి ఉర్దూ మాధ్యమంలో బి.ఎడ్.ను నడుపుతున్నది. కాబట్టి ఉర్దూలో గాని తెలుగులో గాని ఉపాధ్యాయ శిక్షణ అసాధ్యమన్న వాదానికి చోటు లేదు. ఇన్ని వనరులున్నా సగటు ఛాత్రోపాధ్యాయుడు చదివేది ఒక భాషలోని నోట్సు, పరీక్ష వ్రాసేది ఇంకొక భాషలో, బోధించేది మూడవ భాషలో. మధ్య జరిగే తర్జుమా అతని తలలోనే జరగాలి. ఆ తర్జుమాకు శిక్షణ లేదు, మార్కులూ లేవు.

ఆరవ తరగతిలో భిన్నాలు చెప్పే పాఠాన్నే తీసికొనండి. తెలుగులో భిన్నం, లవం, హారం. ఉర్దూలో కసర్, షుమార్ కునిందా, నసబ్‌నుమా. ఆంగ్లంలో ఫ్రాక్షన్, న్యూమరేటర్, డినామినేటర్. తెలంగాణలో 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశించి, ఒక పుట ఆంగ్లంలోను ఎదుటి పుట తెలుగులోను ఉన్న పుస్తకాలు వచ్చినవి. పుస్తకం రెండు భాషల్లో ఉన్నది సరే. రెండు పుటల మధ్య పిల్లవానిని నడిపించడం ఎలాగో ఏ పాఠ్యపథకంలో ఉన్నది? మన బి.ఎడ్. పాఠ్యపథకంలో లక్ష్యాలకు, స్పష్టీకరణలకు, బోధనోపకరణాలకు గడులున్నాయి. పిల్లవాని ఇంటిభాషకు గడి లేదు. "కిరణజన్య సంయోగక్రియ" అన్నా, "జియాయీ తాలీఫ్" అన్నా, "ఫోటోసింథసిస్" అన్నా ఏడవ తరగతి పిల్లవానికి మూడూ కొండలే. ఆకు ఎండలో అన్నం వండుకొంటుందని అతని మాటలో చెప్పి, ఆ తరువాత కొండ ఎక్కించే నేర్పు ఉపాధ్యాయునిది. ఆ నేర్పుకు ఎన్ని మార్కులు?

తెలుగు బోధన సంగతి ఇంకా విచిత్రమైనది. 2018లో తెలంగాణ శాసనసభ చేసిన చట్టం ప్రకారం ఒకటి నుండి పదవ తరగతి వరకు తెలుగు బోధన తప్పనిసరి అయింది. 2018-19 నుండి దశలవారీగా అమలుకు వచ్చింది. ఈ చట్టాన్ని మేము స్వాగతించినాము. ఉర్దూ మాట్లాడే పిల్లలు ఈ నేలమీద బ్రతకవలసినవారు. తెలుగు రాకపోతే కచేరీలోను, బజారులోను, పోటీపరీక్షలోను నష్టపోయేది వారే. ఐతే ఆ పిల్లలకు తెలుగు చెప్పేవారెవరు? తెలుగు బోధనాపద్ధతి చదివి వచ్చిన బి.ఎడ్. ఉపాధ్యాయులు. వారు చదివిన పద్ధతి ఎటువంటిది? పిల్లవాడు బడికి వచ్చేనాటికే తెలుగు మాట్లాడుతుంటాడని, అక్షరాలు నేర్పితే చాలునని అనుకొన్న పద్ధతి. పద్యబోధన, గద్యబోధన, వ్యాకరణబోధన అని విభాగాలు బాగానే ఉన్నవి. తెలుగు ఇంటిభాష కాని పిల్లవానికి తెలుగు నేర్పడం వేరొక విద్య అన్న స్పృహ అందులో అంతంత మాత్రమే.

ఉర్దూ పిల్లవాడు కుడి నుండి ఎడమకు వ్రాయడం అలవాటైనవాడు. ఉర్దూ వ్రాతలో హ్రస్వాచ్చులకు సాధారణంగా గుర్తులు పెట్టరు. చదివేవాడు సందర్భాన్ని బట్టి గ్రహించుకొంటాడు. అటువంటి పిల్లవాడు తెలుగు వ్రాసేటప్పుడు గుణింతపు గుర్తులు జారవిడిస్తే అది మొద్దుతనం కాదు, ఒక లిపి అలవాటు మరొక లిపిలోకి వచ్చి కూర్చొనడం. ఎ-ఏ, ఒ-ఓ భేదం అతని చెవికి మొదట పట్టదు. ణ, ళ అతని నాలుకకు కొత్త. ఇవి తెలియని ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో సున్నాలు చుట్టి "శ్రద్ధ లేదు" అని వ్రాస్తాడు. మరో వైపు ఖ, ఘ, ఛ, ఝ, ధ, భ వంటి ఒత్తక్షరాలను తెలుగింటి పిల్లలకంటె స్పష్టంగా పలికేది ఈ పిల్లవాడే. "ధనం", "భయం", "ఘనం" అన్న మాటలు అతని చేత తరగతికి వినిపించి చూడండి. మిగిలిన పిల్లలు అతనిని గురువును చూచినట్లు చూస్తారు.

వ్యాకరణంలోనూ ఇంతే. ఉర్దూలో కుర్చీ స్త్రీలింగం, కిటికీ స్త్రీలింగం, ఇల్లు పుంలింగం. ప్రతి వస్తువుకూ లింగం ఉన్నది. తెలుగులో "అమ్మ వచ్చింది", "బండి వచ్చింది" అన్నచోట అమ్మకూ బండికీ ఒకే క్రియ అని విన్నప్పుడు ఆ పిల్లవాడు తెల్లబోతాడు. అతని ఆశ్చర్యంలో న్యాయం కూడా ఉన్నది. తెలుగులో "మనము", "మేము" వేరు. ఉర్దూలో రెండింటికీ "హమ్" ఒక్కటే. ఈ వ్యాసంలో మేము "మేము" అని వ్రాసినప్పుడు పాఠకులను కలుపుకొన్నామో లేదో ఉర్దూ విభాగపు మిత్రులు మమ్ములను అడిగి తెలిసికొనవలసిందే! అయితే దక్కనీలో ఒక చక్కని వంతెన ఉన్నది. "ఆతూఁ బోల్‌కే బోల్యా" అంటాడు మన పాతబస్తీ పిల్లవాడు. "వస్తానని చెప్పినాడు" అని దానర్థం. ఆ "బోల్‌కే" మన "అని"కి అచ్చమైన ప్రతిబింబం. శతాబ్దాలు పక్కపక్కనే ఉన్న రెండు భాషలు వాక్యనిర్మాణాన్నే పంచుకొన్నవి. ఇక హాజరు, జవాబు, కాగితం, కలం, తారీఖు, నకలు అన్న మాటలు లేకుండా తెలుగు బడి ఒక్కరోజు నడవదు. ఉర్దూ పిల్లవానికి తెలుగు మొదటి పాఠం "అ అంటే అమ్మ"తోనే కావలసిన పని లేదు. అతనికి అప్పటికే వచ్చిన ఈ తెలుగు మాటలతో మొదలుపెట్టవచ్చు. ఇటువంటి ఉపాయాలు తెలిసిన ఉపాధ్యాయులు కొందరు లేకపోలేదు. వారు బడిలో అనుభవంతో నేర్చుకొన్నారు. పట్టా వారికి నేర్పలేదు.

మరి ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుల మాటేమిటి? నియామకం జరిగిన ప్రతిసారి ఉర్దూ మాధ్యమపు ఖాళీలు కొన్ని భర్తీ కాక మిగిలిపోతున్నవి. రోస్టరు ప్రకారం ఆయా వర్గాలకు కేటాయించిన స్థానాలకు ఉర్దూ చదివిన అభ్యర్థులు లభించకపోవడం దానికి ఒక ముఖ్యకారణం. ఒక వైపు ఉద్యోగం లేని బి.ఎడ్. పట్టభద్రులు, మరొక వైపు ఉపాధ్యాయుడు లేని ఉర్దూ తరగతులు. ఇది పూర్తిగా విశ్వవిద్యాలయం పరిష్కరించగల సమస్య కాదు, ప్రభుత్వం పూనుకోవలసినది. కోర్టుల మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతుల బోధనకు బి.ఎడ్. అర్హత కాదని తీర్పు చెప్పింది. చిన్నపిల్లలకు చదువు చెప్పడం వేరే విద్య అన్న ఆ తీర్పులోని సూత్రం మాకు సమ్మతమే. 2025 సెప్టెంబరు 1న వచ్చిన తీర్పు, పదవీ విరమణకు ఐదేళ్ళకు మించి గడువున్న పాత ఉపాధ్యాయులకు కూడా టెట్ తప్పనిసరి అన్నది. మైనారిటీ విద్యాసంస్థలకు అది వర్తిస్తుందా అన్న అంశాన్ని మాత్రం విస్తృత ధర్మాసనం పరిశీలనకు నివేదించింది. మైనారిటీ సంస్థ అన్న పేరు మంచి ఉపాధ్యాయుని కోరుకొనడానికి అడ్డు కారాదు. రాజ్యాంగం 30వ అధికరణం మనకు విద్యాసంస్థలను నడుపుకొనే హక్కు ఇచ్చింది. ఆ సంస్థల్లోని పిల్లలకు నాసి చదువు చెప్పే హక్కును ఎవరూ ఇవ్వలేదు. ఈ మాట అన్నందుకు మా మీద కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి.

విశ్వవిద్యాలయం చేయగలిగినవి లేకపోలేదు. వాటిలో కొన్ని ఖర్చు లేనివి. పరీక్షాపాఠానికి బదులుగా ఒకే తరగతికి వరుసగా వారం రోజుల పాటు చెప్పిన పాఠాలను పరీక్షగా తీసికొనవచ్చు. ఏ రోజు పరీక్షకుడు వస్తాడో ముందుగా చెప్పనక్కరలేదు. ఆ పరీక్షకుడు వచ్చినప్పుడు చార్టు చూడడానికి ముందు పిల్లల నోటు పుస్తకాలు తెప్పించుకొని చూడాలి. చురుకైనవాని పుస్తకం కాదు, వెనుక బల్లలోని మూడు పుస్తకాలు. మార్కులలో కొంత భాగం ఆ బడి ఉపాధ్యాయునికి అప్పగించాలి. పదహారు వారాలు పక్కగదిలో ఉన్నవాడు అతడే. అతడు చుట్టరికానికి, మొగమాటానికి మార్కులు వేస్తాడని కొందరి అభ్యంతరం. పది నిమిషాల అపరిచితునికంటె పదహారు వారాల పరిచితుడు ఎక్కువ తప్పు చేస్తాడని నమ్మడం మాకు కష్టంగా ఉన్నది. అదీగాక, పట్టా పొందిన మూడేళ్ళకు ఆ ఉపాధ్యాయుని బడికి వెళ్ళి చూచి వచ్చే ఏర్పాటు ఒకటి ఉండాలి. మందు ఇచ్చిన వైద్యుడు రోగి లేచాడో లేదో కనుక్కోడా?

తెలుగును రెండవ భాషగా బోధించే పద్ధతి మీద ఒక పత్రం కావాలి. ఉర్దూ ఇంటిభాషగా గల పిల్లలను దృష్టిలో ఉంచుకొని దానిని వ్రాయాలి. గోండి, లంబాడీ మాట్లాడే పిల్లల కొరకు ఇటువంటివే వేరుగా కావాలి. దానిని వ్రాయించడానికి ఎక్కడికో పోనవసరం లేదు. ఒకే కప్పు క్రింద ఉర్దూ, తెలుగు విభాగాలున్న కళాశాలలు ఈ నగరంలో ఉన్నవి. మనది అందులో ఒకటి. మేడ మీద ఒక భాష, మేడ క్రింద ఒక భాష. మెట్ల దగ్గర సలాం, నమస్కారం, అంతటితో సరి. కొఠారీ సంఘం చెప్పిన ఒంటరితనం కళాశాలల మధ్యనే కాదు, మెట్ల మధ్య కూడా ఉన్నది.

కాబట్టి వచ్చే విద్యాసంవత్సరపు ఇంటర్న్‌షిప్ కొరకు మా ప్రతిపాదన చిన్నది. తెలుగు పద్ధతి తీసికొన్న ఒక ఛాత్రోపాధ్యాయుడు, ఉర్దూ మాధ్యమంలో గణితం తీసికొన్న ఒక ఛాత్రోపాధ్యాయిని, ఇద్దరినీ ఒకే బడికి పంపించాలి. ఆమె భిన్నాల పాఠం చెప్పేటప్పుడు అతడు వెనుక కూర్చోవాలి. అతడు తెలుగు వాచకం చెప్పేటప్పుడు ఆమె వెనుక కూర్చోవాలి. పిల్లవాడు ఏ మాట దగ్గర ఆగిపోయాడో ఇద్దరూ ఒకే పుస్తకంలో వ్రాసుకోవాలి: ఒక పుట ఎడమ నుండి కుడికి, ఎదుటి పుట కుడి నుండి ఎడమకు. సంవత్సరాంతానికి ఆరవ తరగతి గణితానికి, తెలుగుకు సంబంధించి రెండు మూడు వందల మాటల పట్టిక తయారవుతుంది. దానిని రికార్డు స్థానంలో స్వీకరించవలసిందిగా విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికా సంఘానికి విన్నవించవలెనని మా కోరిక. మొదటి పుటలో వ్రాయవలసిన మాటలు మాకు ఇప్పటికే తెలుసు: లవం, షుమార్ కునిందా, హారం, నసబ్‌నుమా.